పేరు పెట్టి చేసిన ప్రార్థన

1998 జూలై 5, ఆదివారం

ప్రేమరాజుకు గుండెల్లో మంట తగ్గిందా? కోడలు పరిమళ మోకాలి నొప్పి ఎలా ఉంది? మనవరాలు షైని అన్నం సరిగ్గా తింటోందా? మూడు వారాలుగా కంచంలో సగం వదిలేస్తోంది. యలమంచిలిలో చెల్లెలి కాలికి కట్టు ఎప్పుడు విప్పుతారు? కుట్టుమిషన్ తొక్కి తొక్కి షాలేమ్‌రాజు పాదాలు వాచాయి, ఆ వాపు దిగిందా? పక్కింటి సుందరరామయ్య మాస్టారి షుగరు ఎంత ఉంది? వర్ధనమ్మ గారి దగ్గు? దేవా, ఒక్కొక్కరినీ నీ చేతికి అప్పగిస్తున్నాను.

నాకు ఉత్తరం రాయడం వచ్చు, ప్రార్థన చేయడం వచ్చు. డైరీ రాయడం రాదు. మిషన్ బడిలో చదివింది అయిదో తరగతి. ఇది ఎరువుల కొట్టువాళ్ళు మా అబ్బాయి ప్రేమరాజుకు ఇచ్చిన డైరీ. "నీ ప్రార్థన అంశాలు రాసుకో అమ్మా" అని నాకు ఇచ్చేశాడు. ఇన్నాళ్ళూ ఇందులో పేర్లే రాశాను. ఎవరికి ఏ జబ్బో, ఎవరికి ఏ కష్టమో. ఇవాళ పేరు రాయడానికి చెయ్యి రాని అంశం ఒకటి వచ్చింది.

మొన్న శుక్రవారం చెల్లెల్ని చూసి వస్తున్నాను. యలమంచిలి స్టేషను రోడ్డులో బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే చిలకపచ్చ చుడీదారు, అంచుకు పసుపు పట్టీ, నడుము దాకా జడ. ఎవరో కుర్రాడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఊరికే పట్టుకోవడం కాదు, రెండు చేతులతో పట్టుకున్నాడు. పిల్ల తల దించుకుని ఏడుస్తోంది. మొహం అటు తిప్పి ఉంది. అయినా నాకు తెలియదా? ఆ చుడీదారు ఈస్టరు పండక్కి షాలేమ్‌రాజు తన కూతురు జెన్నీకి కుట్టింది. పురిట్లో నేను పట్టుకున్న పిల్ల. వాళ్ళమ్మ పోయేటప్పుడు "పిల్లని సూత్తా ఉండక్కా" అని నా చెయ్యి వదల్లేదు.

కళ్ళారా చూశాను. ఇల్లు చేరేదాకా మంచినీళ్ళు కూడా తాగలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పను.

జూలై 9, గురువారం

ఇవాళ స్త్రీల కూడిక సోమలమ్మ ఇంట్లో. మా సంఘంలో గురువారానికి ఒక ఇంటి వంతు. చాప వేసి, కీర్తన పాడి, వాక్యం చదివాక ఎవరి అంశం వాళ్ళు చెప్పాలి. తర్వాత అందరం మోకాళ్ళ మీద ఉండి వాటిని దేవుడి ముందు పెడతాం. అక్కడ విన్నది అక్కడే వదిలి లేవాలి. అది నియమం.

నా వంతు వచ్చింది. "తోవ తప్పబోతున్న ఒక ఆడపిల్ల గురించి ప్రార్థించండి" అన్నాను. అంతే అన్నాను.

సోమలమ్మ ఊరుకోలేదు. "ఏ ఆడపిల్ల దీవెనమ్మా? ఊళ్ళో ఇంతమంది ఉన్నారు. అడ్రెస్సు నేని కార్డు డబ్బాలో ఏత్తే ఎక్కడికెల్తాది? పేరు పెట్టి అడిగితేనే ప్రార్థన సూటిగా ఎల్తాది."

నేను కొంగు నలుపుతూ కూర్చున్నాను. పదకొండు మంది నా మొహమే చూస్తున్నారు. జెన్నీ, అన్నాను. యలమంచిలి అన్నాను. కుర్రాడు, చెయ్యి, ఏడుపు, అన్నీ చెప్పాను. చెబుతుంటే ఏడుపు ఆగలేదు. "తల్లి నేని పిల్ల గదమ్మా" అని వాళ్ళూ ఏడ్చారు. సోమలమ్మ గంటసేపు ప్రార్థన చేసింది. ప్రతి వాక్యానికీ జెన్నీ పేరు.

వచ్చేటప్పుడు ఒళ్ళు తేలిక పడింది. మంచి పని చేశాను. దేవుడికి తప్ప ఎవరికి చెప్పాను?

జూలై 10

వసారాలో బల్బు మార్చమని పరిమళకు చెప్పాను. వెలుతురు చాలడం లేదు. మార్చింది. ఇదీ అలాగే ఉంది. ఈ మధ్య బల్బులన్నీ నాసి రకం.

జూలై 15, బుధవారం

జెన్నీ వచ్చింది. నేను గుమ్మంలో కూర్చుని దుప్పటి చిరుగు కుట్టుకుంటున్నాను. కాసేపు నిలబడి చూసి నవ్వింది.

"మామ్మా, సూదికి బెజ్జం ఇటుంది. నువ్వు గాలికి దారం ఎక్కిత్తన్నావు."

"సూదులు మునపట్లా రావడం లేదే."

"అవును మరి, సూదులదే తప్పు" అని నా చేతిలోంచి లాక్కుని చిటికెలో ఎక్కించింది.

నర్సింగు సీటు వచ్చిందట. చెప్పేటప్పుడు ఆ పిల్ల చేతులు ఒకచోట ఆగలేదు. మిషన్ ఆసుపత్రిలో మూడేళ్ళు చదువు, తిండీ హాస్టలూ అక్కడే. అన్ని కాగితాలూ పంపేసింది. ఒక్కటి తక్కువ. నడవడిక మంచిదని చర్చి అయ్యగారు ఉత్తరం రాసి సంతకం పెట్టాలి. అది ముప్పై ఒకటో తారీఖు లోపల చేరాలి. చేరకపోతే సీటు వేరేవాళ్ళకు.

"నర్సునయ్యాక మొదటి ఇంజెక్షను నీకే మామ్మా."

"నాకెందుకే, నాకేం జబ్బు?"

"బెంగ. నీ బెంగకి మందు కనిపెడతాను సూడు."

యలమంచిలి సంగతి అడుగుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. నవ్వుతున్న పిల్లను ఎలా అడగను? ప్రార్థన అయిపోయింది కదా, దేవుడే చూసుకుంటాడు.

జూలై 19, ఆదివారం

సండేస్కూలు పిల్లలకు ఇవాళ జెన్నీ పాఠం చెప్పలేదు. సోమలమ్మ కోడలు చెప్పింది. పిల్లలు "జెన్నీ టీచరేదీ?" అని అరుస్తున్నారు. జెన్నీ వెనక వరసలో గోడ పక్కన కూర్చుంది. పక్కన చోటున్నా ఎవరూ కూర్చోలేదు. నేను వెళ్దామనుకున్నాను. అప్పటికే ముందు కూర్చున్నాను, మధ్యలో లేస్తే బాగుండదు.

బయట సోమలమ్మను అడిగాను. "ఏటి చేత్తాం? సంఘం పెద్దలకి తెలిసిపోయింది. చిన్నపిల్లల్ని ఆ గుంట చేతిలో ఎలాగెడతారు?" అంది.

"కూడికలో మాట పెద్దల దాకా ఎలా వెళ్ళింది?"

"మా ఆయన పెద్దే గదా. ఇంట్లో కూడా కలిసి ప్రార్థన చేసుకున్నాం" అంది. "నువ్వే గదా ప్రార్థించమన్నావు!"

జూలై 21, మంగళవారం

కుళాయి దగ్గర కూరలమ్మే జోగులమ్మ బిందె పెట్టుకుంటూ అడిగింది. ఆవిడ మా చర్చి మనిషి కూడా కాదు. "ఏటమ్మా, మీ సర్చీ కుర్రది ఎవుడితోటో యలమంచిలి లాడ్జీలో దిగిందంట గదా? ఓలమ్మ! మొకం సూత్తే బంగారం నాగుంటాది."

లాడ్జీ అని నేను అనలేదు. స్టేషను రోడ్డు అన్నాను. లాడ్జీ అని నేను అననే లేదు. దేవుడు సాక్షి.

జూలై 23, గురువారం

ఇవాళ కూడిక షాలేమ్‌రాజు ఇంట్లో జరగాలి. వంతు వాళ్ళది. సోమలమ్మ నిన్ననే కబురు పంపింది, మరో ఇంట్లో అని. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ వెళ్ళాను. షాలేమ్‌రాజు గుమ్మం ముందు నుంచే వెళ్ళాలి. వాకిలి కడిగి ఉంది. చాప అరుగు మీద చుట్టి పెట్టి ఉంది.

జూలై 24, శుక్రవారం

షాలేమ్‌రాజు వచ్చాడు. కొలతల టేపు మెడలోనే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"దీవెనమ్మక్కా, సోమలమ్మోరింట్లో కూడికకి నువ్వెల్లావు గదా. మా గుంట మాట ముందు ఎవులన్నారో సెప్పక్కా."

"అందరూ అనుకుంటున్నారు రాజూ."

"అందరూ అనుకునే ముందు ఒకలు అంటారు గదక్కా." ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "అయ్యగారి కాళ్ళు పట్టుకున్నాను. సంఘానికి అపకీర్తి తెచ్చే సంతకం నేను పెట్టలేను అన్నారు. ముందు అన్న మనిషి వచ్చి ఏటి సూసిందో తన ఎదురుగా సెప్తే, అబద్ధమని తేలితే, ఆ పూటే ఉత్తరం ఇత్తారంట. ఇంక వారమే ఉంది. ఆ సుక్రారం జెన్నీ కోటవురట్లలో పెద్దమ్మకాడుందక్కా. ఆవిడకి జొరం. రెండు రోజులు అక్కడే ఉంది."

"నీకెవరు చెప్పారు?"

"నానే దింపినాను. నానే తెచ్చినాను."

మజ్జిగ ఇచ్చాను. తాగి గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్ళాడు.

కోటవురట్ల నుంచి యలమంచిలికి బస్సులు లేవా? ఎక్కితే ఎక్కడికైనా వెళ్ళొచ్చు. నేను కళ్ళారా చూశాను.

జూలై 25, శనివారం

అపకీర్తి, అపకీర్తి. తెల్లారినప్పటి నుంచి ఆ మాటే చెవిలో ఉంది. పక్కింటికి వెళ్ళాను. సుందరరామయ్య మాస్టారు హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యారు.

"మాస్టారూ, అపకీర్తి అంటే ఏమిటండీ?"

వంటింట్లోంచి వర్ధనమ్మ గారు కేకేశారు. "ఆయన్ని మాటలకి అర్థాలు అడక్కండి దీవెనమ్మ గారూ! ఆ మాట పురిటి దగ్గర్నుంచీ మొదలెడతారు. నా పప్పు మాడితే మీదే పూచీ."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "చెడ్డపేరని మీకూ తెలుసు. మీరు అడిగేది అది కాదు."

"అది ఎక్కడ పుడుతుంది?"

"అదీ ప్రశ్న. కీర్తి అనేది సంస్కృతం మాట. దాని వేరు దగ్గర పొగడ్త లేదండీ. చెప్పడం, ప్రస్తావించడం, అంతే ఉంది. ఒకరి గురించి మరొకరు నలుగురిలో చెప్పేది కీర్తి. మీరు చర్చిలో పాడతారే, కీర్తన, అదీ ఆ వేరుదే. ముందు 'అప' అని చేరిస్తే పక్కకి పోయింది, చెడింది అని."

"అయితే అది మనిషి చేసిన తప్పు కాదా?"

"తప్పు చేస్తే పాపం అంటారు, నేరం అంటారు. అపకీర్తికి తప్పుతో పని లేదు. నోరుంటే చాలు. అడవిలో ఒక్కడే ఉన్నవాడికి ఆకలి వేస్తుంది, జ్వరం వస్తుంది, పాము కూడా కరుస్తుంది. అపకీర్తి మాత్రం రాదు. చెప్పేవాడు ఉండాలి కదా."

వర్ధనమ్మ గారు గరిటెతో బయటికి వచ్చారు. "మా అమ్మ అప్రతిష్ఠ అనేది. అదీ ఇదీ ఒకటేనా?"

"దగ్గర చుట్టాలు. ప్రతిష్ఠ అంటే గట్టిగా నిలబడటం. విగ్రహాన్ని ప్రతిష్ఠించారంటాం చూడు. అది పోతే కాలు మోపడానికి చోటు లేకపోవడం. చెప్పేవాళ్ళ నోట్లో ఉన్నది అపకీర్తి. పడేవాళ్ళ కాళ్ళ కింద జరిగేది అప్రతిష్ఠ."

గోడ పక్కన, వెనక వరసలో కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. "దానికి మందు లేదా మాస్టారూ?"

"ఉంది కానీ ఎవరూ పుచ్చుకోరు. ఏ నోట పుట్టిందో ఆ నోరే కాదనాలి. మిగతావాళ్ళు ఎంత కాదంటే అంత పెరుగుతుంది."

ఎవరి గురించి అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. లేదు. చెప్పేదాన్ని కాదు.

జూలై 26, ఆదివారం

కీర్తన పాడలేకపోయాను.  కఫం.

జూలై 29, బుధవారం

సాయంత్రం గేటు చప్పుడైంది. చిలకపచ్చ చుడీదారు, పసుపు పట్టీ, జడ.  "జెన్నీ, రావే, లోపలికి రా" అన్నాను.

"నాను, నానమ్మా" అంది షైని.

నా మనవరాలు. నా ఇంట్లో నా పక్కన పడుకునే పిల్ల. నాలుగడుగుల దూరంలోకి వస్తే గాని మొహం తెలియలేదు.

"ఈ బట్టలు ఎప్పటివే?"

"ఈస్టరువి. మరిసిపోయావా? ఒకే తానులో జెన్నీ, నానూ ఇద్దరం కొనుక్కున్నాం. రాజు మామయ్యే రెండూ కుట్టేడు."

మూడో తారీఖు శుక్రవారం షైని టైపు ఇన్‌స్టిట్యూటుకు వెళ్ళింది. వెళ్ళానని చెప్పింది. ఆ పూట చీకటి పడే వేళకు వచ్చి అన్నం వద్దని పడుకుంది. అప్పటి నుంచే కంచంలో సగం. అప్పటి నుంచి కాదు, ముందు నుంచే. మూడు వారాలు ముందు నుంచే.

అడగలేదు. ఎందుకు అడగాలి? పచ్చ బట్టలు ఊరంతా వేసుకుంటారు. మా ఊరి అబీద్ సెంటర్లో నిలబడితే గంటకు పాతికమంది.

జూలై 30

కూడికకు వెళ్ళలేదు. కాళ్ళు లాగుతున్నాయి.

జూలై 31, శుక్రవారం

ఇవాళ ఆఖరు తేదీ. పొద్దున్నుంచీ వాన. అయ్యగారి ఇల్లు ఎంత దూరం, రెండు వీధులు. గొడుగు ఉంది. మా గుమ్మం దాకా వెళ్ళాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

షాలేమ్‌రాజు మిషన్ చప్పుడు ఇవాళ వినిపించలేదు.

ఆగస్టు 2, ఆదివారం

చర్చి అయ్యాక షాలేమ్‌రాజు వచ్చాడు. జెన్నీని నిన్న కోటవురట్లలో పెద్దమ్మ ఇంట్లో దింపేశాడు. సీటు పోయింది. ఇక్కడ వీధిలో తిరగలేకపోతోందట. కుర్రాళ్ళు సైకిళ్ళ మీద "యలమంచిలి, యలమంచిలి" అని కండక్టర్లలా కేకలు వేస్తున్నారట.

ఆయన జేబులోంచి గుడ్డముక్క తీశాడు. మడత విప్పితే సూదులు. పన్నెండు సూదులు, వరసగా గుచ్చి, ప్రతి దానికీ దారం ఎక్కించి ఉంది. నల్లవి ఆరు, తెల్లవి ఆరు.

"బస్సుకి టైమవుతున్నా కూర్చుని ఎక్కించిందక్కా. మామ్మకి కళ్ళు అగుపడవు నాన్నా, అడగడానికి సిన్నతనం, నాను నేకపోతే ఎవరెక్కిత్తారు, ఇచ్చీ అంది."

మామ్మకి కళ్ళు అగుపడవు.

ఆయనకు ఏమీ తెలియదు. సూదులు ఇచ్చి వెళ్ళిపోయాడు. నేను ఆ గుడ్డ చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో, పరిమళ వచ్చి "అత్తయ్యా, ఎవరైనా పోయారా?" అని అడిగింది.

ఆగస్టు 4, మంగళవారం

పరిమళతో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నేనే తీసుకెళ్ళమన్నాను. రెండు కళ్ళకూ పొర. కుడికన్ను బాగా ముదిరింది. ఏడాది పైనే అయి ఉంటుందన్నారు. "ఇన్నాళ్ళూ ఎలా నడిచారండీ?" అని డాక్టరు ఆశ్చర్యపోయారు.

బల్బులు మంచివే.

ఆగస్టు 5, బుధవారం

షైని నా పక్కన చాప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఏరుతూ ఏరుతూ ఆగిపోయింది.

"నానమ్మా, ఆ రోజు యలమంచిలిలో జెన్నీ కాదు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

 ఎప్పటి నుంచి అని ఏ తేదీ చెప్పను?

"ఆ కుర్రోడూ నానూ టైపు నేర్చుకున్నాం కలిసి. ఉద్యోగం వచ్చి సూరత్ ఎల్లిపోతున్నాడు. రైలెక్కించడానికి ఎల్లాను. అంతే నానమ్మా. అంతకన్నా ఏం నేదు. ఉత్తరం కూడా రాయనేదు ఇంకా." బియ్యంలోకి కన్నీళ్ళు పడ్డాయి. "నాన్నకి సెప్పకు. సంపేత్తాడు."

"జెన్నీకి తెలుసా, అది నువ్వని?"

"దానికే తెలుసు. బట్టలనగానే తెలిసిపోయింది. నానెల్లి కాళ్ళు పట్టుకున్నాను. నా పేరు బయటెట్టకే అన్నాను. ఎట్టనేదు. అయ్యగారు మూడుసార్లు అడిగారంట, నువ్వు కాకపోతే ఎవరని. తెలీదండీ అందంట."

ఇంతమంది నోళ్ళున్న ఊళ్ళో మూసుకున్నది ఆ ఒక్క పిల్ల. పందొమ్మిదేళ్ళది. అరవై ఎనిమిదేళ్ళ దాన్ని, నేను తెరిచాను.

షైనిని కొట్టాలనిపించింది. దగ్గరకు తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. బియ్యం ఏరాను. రాళ్ళు ఏవో, గింజలు ఏవో కనబడటం లేదు.

ఆగస్టు 6, గురువారం

కూడిక అయ్యగారి ఇంట్లో. అమ్మగారు చాపలు వేయించారు. నేను చివర కూర్చున్నాను. కీర్తన మొదలెట్టారు. నోరు కదిపాను, పాట రాలేదు. కఫం కాదు.

అంశాలు చెబుతున్నారు. ఒకరికి కూతురి కాన్పు, ఒకరికి గొలుగొండలో చెరకు తోట తడవక ఎండుతోందని. నా వంతు వచ్చింది.

"చూడనిది చూశానని చెప్పిన ఒక ముసలిదాని నోటి గురించి ప్రార్థించండి" అన్నాను.

సోమలమ్మ నవ్వింది. "ఎవులమ్మా ఆ ముసల్ది? పేరు సెప్పు దీవెనమ్మా. పేరు పెట్టి అడిగితేనే..."

"దీవెనమ్మ" అన్నాను.

ఆమె నవ్వు మొహం మీదే ఉండిపోయింది. నేను ఆగితే ఇంక చెప్పలేనని తెలుసు. అందుకే ఆగలేదు. బస్సు కిటికీలోంచి బట్టలు చూశాను, మొహం చూడలేదు. నా కళ్ళకు ఏడాదిగా పొర ఉంది, నాలుగడుగులు దాటితే మనిషి ఆనవాలు తెలియదు, అది ఒప్పుకోవడానికి చిన్నతనం. జెన్నీ ఆ రోజు కోటవురట్లలో ఉంది. లాడ్జీ అని నేను అనలేదు గాని, లాడ్జీకి తలుపు తీసింది నేనే. ఆ పిల్ల సీటు నా నోటితో పోయింది.

 ముందు సోమలమ్మే తేరుకుంది. "అయితే ఆ పచ్చ బట్టల గుంట ఎవత్తి?"

"నాకు కనబడలేదు."

"ఊరికే అంటావేటి? ఇప్పుడింత సెప్పినదానివి..."

"నాకు కనబడలేదు సోమలమ్మా. ఆ రోజూ కనబడలేదు, ఇవాళా కనబడదు."

"మా అందరి సేతా అబద్ధానికి ప్రార్థన సేయించేవు! గంట! మోకాళ్ళు పుండ్లు పడిపోయాయి నాకు!"

"నీ మోకాళ్ళ గురించి కూడా ప్రార్థిస్తాను" అన్నాను. వెటకారం అనుకున్నారు. కాదు.

అయ్యగారు పక్క గదిలోంచి విన్నట్టున్నారు. బయటికి వచ్చారు. "ఈ మాట వారం ముందు చెప్పి ఉంటే ఉత్తరం ఇచ్చేవాణ్ణి కదా అమ్మా" అన్నారు.

"మా గుమ్మం దాకా వచ్చానండీ" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. ఇప్పుడైనా రాసి పంపమని అడిగాను. సీటు వేరే పిల్లకు ఇచ్చేసి ఉంటారు, రాసినా లాభం లేదు, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. వచ్చే ఏడాది. ఆయన కూడా నా కళ్ళలోకి చూడలేదు.

లేచేటప్పుడు అడిగాను. "షాలేమ్‌రాజు ఇంటి వంతు తప్పించారు. వచ్చే గురువారం వాళ్ళింట్లో పెట్టండి." ఎవరూ సరే అనలేదు. వద్దు అని కూడా అనలేదు. చెప్పులు వెతుక్కున్నారు.

ఆగస్టు 8, శనివారం

కుళాయి దగ్గరకు వెళితే మాటలు ఆగిపోయాయి. జోగులమ్మ ఒక్కతే అంది. "అమ్మా, ఇటు సూడు. నాను జోగులమ్మనా, జెన్నీనా? సూసి సెప్పు." అందరూ నవ్వారు. నా బిందె పక్కకు జరిపారు. నిలబడ్డాను, చివరిదాకా, నీళ్ళు ఆగిపోయేదాకా. ఖాళీ బిందెతో వచ్చాను.

ప్రేమరాజు మాట్లాడటం లేదు. "మా ఆఫీసులో కూడా అడుగుతున్నారు. ఇంటి పరువు నీకేం తెలుసు?" అని పరిమళతో అన్నట్టు నాకే అన్నాడు.  పరిమళ నా కంచం ముందు పెట్టి పక్కనే కూర్చుంది.

జెన్నీ దీన్ని మూడు వారాలు మోసింది. నాకు రెండు రోజులే అయింది.

ఆగస్టు 9, ఆదివారం

ఇవాళ చర్చిలో నా పక్కన చోటు ఖాళీ. షైని వెనక నుంచి లేచి వచ్చి అక్కడ కూర్చుంది. దాని చెయ్యి చల్లగా ఉంది.

మధ్యాహ్నం షాలేమ్‌రాజు వచ్చాడు. ఇవాళ టేపు లేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మజ్జిగ తాగు రాజూ."

"వద్దక్కా."

 తర్వాత ఆయనే అన్నాడు. "ఆ రోజు నానొచ్చి అడిగితే సెప్పనేదు నువ్వు. మజ్జిగిచ్చేవు."

"అవును."

"తాగేను."

"అవును రాజూ."

మెడ దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు, టేపు వెతుక్కుంటున్నట్టు. "గురువారం కూడిక నా ఇంట్లో వద్దక్కా. ఆళ్ళెవులూ నా గడప తొక్కద్దు. ఏడుపు సూడ్డానికొత్తారు. నువ్వు కోటవురట్ల ఎల్లి నా పిల్లకి సెప్పు, కూడికలో సెప్పిన మాటే. దాని మొకం సూసి సెప్పు. అగుపడకపోతే దగ్గరగా కూర్చో."

"వస్తుందా నా ముందుకు?"

"నాకేటి తెలుసు? అడిగితే, మామ్మ సూదులు అయిపోయాయా అంది. అంతే అంది."

అయిపోలేదు. ఒక్కటి కూడా వాడలేదు. పన్నెండూ గుడ్డలో అలాగే ఉన్నాయి.

షైనితో చెప్పాను. నువ్వు రానక్కర్లేదు, నీ పేరు నేను ఎక్కడా ఎత్తను, అక్కడ కూడా ఎత్తను అన్నాను. చాలాసేపు గోళ్ళు కొరుక్కుంది. "నానూ వత్తాను నానమ్మా" అంది. అక్కడికి వెళ్ళాక ఏం చెబుతుందో దాని ఇష్టం. నేను అడగను.

ఈ డైరీలో జూలై అయిదో తారీఖు పేజీ పరిమళ చేత చదివించుకున్నాను. ప్రేమరాజు గుండె మంట, పరిమళ మోకాలు, చెల్లెలి కాలు, మాస్టారి షుగరు, షాలేమ్‌రాజు పాదాలు. అందరి ఆరోగ్యం అడిగాను. ఆ రోజు జెన్నీ ఎలా ఉందని మాత్రం దేవుణ్ణి కూడా అడగలేదు.

ఆగస్టు 13, గురువారం. పొద్దున్న తొమ్మిది గంటల బస్సు, కోటవురట్ల.